మేనమామ ఫొటోలో ఎందుకు పట్టలేదు

తలంబ్రాలు అయిపోయాయి. పీటల మీది దంపతులకు అటూ ఇటూ బంధువులు వరుస కట్టారు. మొత్తం పది మంది. ఒక్కొక్కరికి అరమీటరు లెక్కన వరుస వెడల్పు ఐదు మీటర్లు. వేదిక ముందు కుర్చీలు, వీడియో వాళ్ల లైట్లు, పిల్లల పరుగులు. వీటన్నిటి మధ్య ఫొటోగ్రాఫర్‌కు దొరికిన చోటు ఆ వరుసకు సరిగ్గా నాలుగు మీటర్ల దూరంలో. ఫిల్ము రోజుల్లో ఇది సమస్యే కాదు. 28 ఎంఎం లెన్స్ బిగిస్తే నాలుగు మీటర్ల దూరం నుంచి 5.14 మీటర్ల వెడల్పు ఫ్రేమ్‌లోకి వచ్చేది. పది మందీ పట్టేవారు. అదే లెన్స్‌ను 2003, 2004 ప్రాంతంలో కొన్న డిజిటల్ ఎస్ఎల్ఆర్‌కు బిగించి, అదే చోట నిలబడితే ఫ్రేమ్‌లోకి వచ్చే వెడల్పు 3.36 మీటర్లు. అంటే ఆరుగురు, మహా అయితే ఏడుగురు. ఒక చివర మేనమామ, మరో చివర పెద్దమ్మ ఫొటోకు బయటే.

వెనక్కి జరగవచ్చు కదా అనిపిస్తుంది. అప్పుడు ఆరు మీటర్లకు పైగా దూరం కావాలి. చాలా కల్యాణ మండపాల్లో ఆ దూరంలో ఉండేది మూడో వరుస కుర్చీల్లోని పెద్దలు, వాళ్ల తలలు.

లెన్స్ చెడిపోలేదు. కెమెరాలోనూ లోపం లేదు. అప్పు చేసి డిజిటల్ కెమెరా కొని, లెన్సులు పాతవే సరిపోతాయన్న ధీమాతో పెళ్లికి బయల్దేరిన స్టూడియో వాళ్లెందరికో ఇదే తొలి పాఠం. ఇరవయ్యేళ్లు దాటినా ఆ పాఠం పాతబడలేదు. ఇప్పుడు తిరగబడి ఎదురవుతోంది. అప్పుడు పెద్ద ఫిల్ము కోసం చేసిన లెన్సులు చిన్న సెన్సర్ మీదకు వచ్చాయి. ఇప్పుడు చిన్న సెన్సర్ కోసం కొన్న లెన్సులతో పెద్ద సెన్సర్ కెమెరాకు మారుతున్నవాళ్లు తడబడుతున్నారు. రెండు సందర్భాల్లోనూ డబ్బు పోయేది ఒకే కారణం వల్ల: లెన్స్ మీది అంకె చూసి కొన్నారు, దాని వెనకాల ఉండే సెన్సర్ కొలత చూడలేదు.

నిజానికి లెన్స్ వేసే బొమ్మ గుండ్రంగా ఉంటుంది. కెమెరా లోపల ఆ గుండ్రటి బొమ్మ నడుమ నుంచి ఒక దీర్ఘచతురస్రాన్ని మాత్రమే ఫిల్ము లేదా సెన్సర్ తీసుకుంటుంది. మిగతాది కెమెరా గోడల మీద పడి వృథా అవుతుంది. తన వెనకాల ఉన్నది ఎంత సెన్సరో లెన్స్‌కు తెలియదు, దానికి పట్టింపూ లేదు. ఇంట్లో కిటికీకి ఒక రెక్క మూస్తే వీధి చిన్నదైపోదు. కనిపించే వీధి తగ్గుతుంది. చిన్న సెన్సర్ చేసే పని అంతే. అలా దొరికిన చిన్న ముక్కను మళ్లీ ఫొటో కాగితం నిండా పెద్దది చేసి ప్రింట్ వేస్తారు కాబట్టి, ఏదో జూమ్ చేసి తీసినట్టు అనిపిస్తుంది.

లెన్స్ మీద రాసి ఉండే 28, 50, 300 అన్న అంకెలు దాని ఫోకల్ లెంగ్త్. బడి పుస్తకాల్లో దాన్నే నాభ్యంతరం అన్నారు. దూరంలోని వస్తువు బొమ్మ స్పష్టంగా పడాలంటే లెన్స్‌కు, బొమ్మ పడే తలానికి మధ్య ఉండాల్సిన దూరం అది. గాజు గుణాన్ని చెప్పే ఆ కొలత ఏ కెమెరాకు బిగించినా మారదు. ఫొటోలోకి ఎంత వెడల్పు వస్తుందో తెలియాలంటే పాతకాలపు త్రైరాశికం చాలు. ఎదుటి దూరాన్ని సెన్సర్ వెడల్పుతో హెచ్చించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. నాలుగు మీటర్లు, 36 మిల్లీమీటర్ల ఫిల్ము, 28 ఎంఎం లెన్స్: 5.14 మీటర్లు. ఫిల్ము స్థానంలో 23.5 మిల్లీమీటర్ల సెన్సర్ పెడితే: 3.36. పెళ్లి ముందురోజు మండపానికి వెళ్లి అడుగులతో దూరం కొలుచుకునే ఫొటోగ్రాఫర్‌కు ఇంతకు మించిన సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు.

ఈ 36 అనే అంకె మాత్రం దేవుడిచ్చిందేమీ కాదు. జర్మనీలోని వెట్‌జ్లార్ పట్టణంలో లైట్జ్ కంపెనీలో పని చేసిన ఆస్కార్ బార్నాక్, సినిమా ఫిల్మును చిన్న స్టిల్ కెమెరాలో వాడాలని చూశాడు. అప్పటి సినిమా ఫ్రేమ్ 24 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల ఎత్తు. అలాంటివి రెండు కలిపితే 36×24. ఆ కెమెరా 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా పేరుతో, 50 ఎంఎం లెన్స్‌తో మార్కెట్లోకి వచ్చింది. చేతికి దొరికిన ఫిల్ముతో ఒకాయన చేసుకున్న సర్దుబాటు వందేళ్లుగా ప్రపంచం మొత్తానికి కొలబద్ద అయి కూర్చుంది. డిజిటల్ యుగంలో దానికి ‘ఫుల్ ఫ్రేమ్’ అని గొప్ప పేరు కూడా వచ్చింది. మిగతావన్నీ సగం ఫ్రేములైనట్టు!

అంతకు ముందూ, ఆ తర్వాతా వేరే కొలతలు దివ్యంగా పని చేశాయి. దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హొమాయ్ వ్యారావాలా వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. దాని నెగటివ్ చదరంగా, ఒక్కో వైపు 56 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ రకం కెమెరాలకు 75 లేదా 80 ఎంఎం లెన్స్ వచ్చేది. 35 ఎంఎం ఫిల్ముకు అలవాటు పడ్డవాళ్లకు 80 అంటే ముఖచిత్రాలకు పనికొచ్చే టెలీ లెన్స్. రోలీఫ్లెక్స్ మీద అదే మామూలు చూపు. హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలానికి వెళితే నెగటివ్‌లంటే పెద్ద పెద్ద గాజు పలకలే. ఎనిమిదీ పది అంగుళాల పలక మీద మామూలు చూపు రావాలంటే 300 ఎంఎం లెన్స్ కావాలి. ఇప్పుడు పక్షుల వెంట తిరిగేవాళ్ల భుజాన ఉండే అంకె అది. ఏ తరంలోనైనా సూత్రం ఒకటే. నెగటివ్ కర్ణం ఎంత పొడవుంటే దాదాపు అంత ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ ఆ కెమెరాకు మామూలు లెన్స్ అవుతుంది. 36×24 కర్ణం 43 మిల్లీమీటర్లు. 50 దానికి దగ్గరలో ఉంది.

డిజిటల్ వచ్చాక చిక్కెందుకు వచ్చిందంటే, కెమెరా ఆకారం పాతదే ఉంచి లోపల మాత్రం కొలత మార్చారు. 1999లో వచ్చిన నికాన్ డి1 సెన్సర్ 23.7×15.6 మిల్లీమీటర్లు. మరుసటి ఏడాది కెనాన్ డి30లో పెట్టింది ఇంకాస్త చిన్నది. పత్రికల వాళ్ల దగ్గర గుట్టలుగా ఉన్న పాత లెన్సులు వీటికి చక్కగా బిగుసుకున్నాయి. అందుకే మోసపోయారు. చిన్న సెన్సర్ పెట్టడం కంపెనీల పిసినారితనం కాదు. సిలికాన్ పలక మీద ఒక్క నలుసు దోషం ఉన్నా ఆ చోట పడ్డ చిప్ పనికిరాదు. చిప్ ఎంత పెద్దదైతే ఒక పలక నుంచి వచ్చేవి అంత తగ్గుతాయి, దోషం పాలయ్యేవి అంత పెరుగుతాయి. పైగా 36×24 చిప్, తయారీ యంత్రం ఒక్కసారి ముద్రించగల విస్తీర్ణం కన్నా పెద్దది. ముక్కలుగా ముద్రించి అతకాలి. 2002లో కెనాన్ 1డీఎస్ లాంటి ఒకటి రెండు కెమెరాలు ఆ సాహసం చేసినా వాటి ధర స్టూడియోలకు అందేది కాదు. నికాన్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా డి3 రావడానికి 2007 వరకు ఆగాల్సి వచ్చింది.

ఈ చిన్న సెన్సర్‌కు అంటించిన ‘ఏపీఎస్-సీ’ అనే పేరుదీ ఒక విచిత్రం. 1996లో కోడక్, ఫ్యుజీ, కెనాన్, నికాన్, మినోల్టా కలిసి ఏపీఎస్ అనే కొత్త రకం ఫిల్ము తెచ్చాయి. అందులో ఒక ఫ్రేమ్ కొలత 25×16.7 మిల్లీమీటర్లు. ఆ ఫిల్మును డిజిటల్ మింగేసింది. మింగినవాడే పోయినవాడి పేరు పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఇక అంకెలు. ఫుల్ ఫ్రేమ్ కర్ణాన్ని చిన్న సెన్సర్ కర్ణంతో భాగిస్తే వచ్చేదే క్రాప్ ఫ్యాక్టర్. నికాన్, సోనీ, ఫ్యుజీ ఏపీఎస్-సీ కెమెరాలకు అది సుమారు 1.5. కెనాన్‌కు 1.6. ఒలింపస్, పానసోనిక్ వాడిన ఫోర్ థర్డ్స్ సెన్సర్‌కు 2. లెన్స్ మీది అంకెను దీనితో హెచ్చిస్తే, ఫుల్ ఫ్రేమ్ మీద ఏ లెన్స్ అంత మేర చూపిస్తుందో తెలుస్తుంది. అంతవరకే దాని పని. 28 కాస్తా 42 అయిపోయిందని దుకాణాల్లో చెబుతారు. కాలేదు. 28 ఎంఎం లెన్స్ 28గానే ఉంది. ఫుల్ ఫ్రేమ్ మీద 42 చూపించేంత మేరే దాంతో కనిపిస్తోంది. మాటల్లో చిన్న తేడా, జేబుకు పెద్ద తేడా.

మండపం సమస్యకు పరిష్కారం 2003లో దొరికింది. నికాన్ ఆ ఏడాది 12-24 ఎంఎం లెన్స్ తెచ్చింది. చిన్న సెన్సర్ కోసమే చేసిన మొదటి డీఎక్స్ లెన్స్ అది. కెనాన్ అదే ఏడాది వెయ్యి డాలర్లలోపు ధరతో 300డి కెమెరాను, దానితోపాటు 18-55 ఎంఎం లెన్స్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ 18 ఎక్కడి నుంచి వచ్చింది? ఫిల్ము కెమెరాల వాళ్లు అలవాటు పడ్డ 28 చూపు చిన్న సెన్సర్ మీద కావాలంటే లెన్స్ 18 దగ్గర మొదలవ్వాలి. నాలుగు మీటర్లు, 23.5 మిల్లీమీటర్లు, 18 ఎంఎం: 5.22 మీటర్లు. మేనమామ మళ్లీ ఫొటోలోకి వచ్చాడు. కెమెరాతో ఉచితంగా వస్తుందని చాలామంది చిన్నచూపు చూసే ఆ ప్లాస్టిక్ లెన్స్ ఎన్ని పెళ్లిళ్లను ఒడ్డున పడేసిందో లెక్క లేదు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అంత వెడల్పు చూపులో వరుస చివర నిలబడ్డవాళ్లు ఐదోవంతు లావుగా సాగి కనిపిస్తారు. సెన్సర్ ఏదైనా ఇది తప్పదు. పెద్దమ్మను చివర్లో నిలబెట్టి ఆ ఫొటో ఆమెకే చూపించే ధైర్యం ఎవరూ చేయకపోవడమే మంచిది.

ఇప్పటికీ ఎక్కువ డబ్బు వృథా అయ్యేది మాత్రం 50 ఎంఎం దగ్గర. ఫొటోగ్రఫీ నేర్చుకునే ప్రతి కుర్రాడికీ ఎవరో ఒకరు ఆన్రీ కార్టియే-బ్రెసాఁ పేరు చెబుతారు. 1948 జనవరి 30న గాంధీ హత్యకు కొద్దిసేపటి ముందు ఆయన్ని కలిసి, ఆ తర్వాత అంతిమయాత్రను చిత్రించిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్. జీవితంలో ఎక్కువ భాగం లైకా మీద 50 ఎంఎం లెన్స్‌తోనే గడిపాడు. ఆ మాట విని, చవగ్గా దొరికే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొని, ఏపీఎస్-సీ కెమెరాకు బిగించి వీధిలోకి వెళ్లిన కుర్రాడికి బ్రెసాఁ చూపు దక్కదు. ఫుల్ ఫ్రేమ్ మీద అడ్డంగా 40 డిగ్రీల దాకా చూసే ఆ లెన్స్ ఇక్కడ 26 డిగ్రీలే చూస్తుంది. టీ కొట్టు ముందు గుంపును తీద్దామంటే టీ పోసే చెయ్యి ఒక్కటే వస్తుంది. వెనక్కి జరిగితే రోడ్డు మధ్యకు వెళ్లాలి. ఆ కుర్రాడికి కావాల్సింది 35 ఎంఎం. నికాన్ 2009లో డీఎక్స్ కెమెరాల కోసం 35 ఎంఎం ఎఫ్ 1.8 తెచ్చింది ఈ లోటు పూడ్చడానికే.

ఇక్కడే ఇంకో అపోహ పుడుతుంది. డీఎక్స్ అని రాసి ఉన్న లెన్స్‌కు ఈ హెచ్చవేత అవసరం లేదని, కంపెనీ ముందే లెక్క వేసి అంకె రాసిందని అనుకునేవాళ్లు ఉన్నారు. అలా ఏమీ ఉండదు. డీఎక్స్ 35 ఎంఎం, ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన 35 ఎంఎం రెంటినీ ఒకే కెమెరాకు మార్చి మార్చి బిగిస్తే ఫొటోలో వచ్చే మేర ఒకటే. తేడా లెన్స్ వేసే గుండ్రటి బొమ్మ ఎంత పెద్దదన్న దానిలో. డీఎక్స్ లెన్స్ బొమ్మ చిన్న సెన్సర్‌ను కప్పేంతే ఉంటుంది. అందుకే లెన్స్ తేలిక, ధర తక్కువ.

చిన్న సెన్సర్ వల్ల లాభమే తప్ప నష్టం లేదని వాదించేవాళ్లు పక్షుల దగ్గర దొరుకుతారు. పులికాట్ సరస్సుకు దగ్గర్లోని నేలపట్టులో చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. 300 ఎంఎం లెన్స్ అక్కడ చిన్న సెన్సర్ మీద 450 అవుతుందని, లక్షలు పోసి పెద్ద లెన్స్ కొననక్కర్లేదని వాళ్లంటారు. లెక్క చూద్దాం. ముక్కు కొస నుంచి తోక దాకా 1.4 మీటర్ల పక్షి యాభై మీటర్ల దూరంలో ఉందనుకుంటే, 300 ఎంఎం లెన్స్ దాని బొమ్మను 8.4 మిల్లీమీటర్ల పొడవున వేస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీదా 8.4 మిల్లీమీటర్లే, ఏపీఎస్-సీ మీదా 8.4 మిల్లీమీటర్లే. పక్షి ఒక్క వెంట్రుకవాసి కూడా పెరగలేదు. 36 మిల్లీమీటర్ల వెడల్పులో నాలుగోవంతు కూడా ఆక్రమించని పక్షి, 23.5 మిల్లీమీటర్ల వెడల్పులో మూడోవంతుకు మించి నిండింది కాబట్టి దగ్గరకు వచ్చినట్టు కనిపించింది.

అయితే లాభం లేకపోలేదు. అది ఉన్నది మరోచోట. ఆ 8.4 మిల్లీమీటర్ల మీద ఎన్ని పిక్సెళ్లు పడ్డాయన్నదే అసలు ప్రశ్న. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్‌లో పక్షి మీద 2,100కు పైగా పిక్సెళ్లు వరుస కడతాయి. అవే 24 మెగాపిక్సెళ్లు ఫుల్ ఫ్రేమ్‌లో పరిస్తే 1,400 దగ్గర ఆగిపోతాయి. ఈకల గీతలు, కంటి మెరుపు ఎక్కువ తెలిసేది మొదటి దాంట్లోనే. ఫుల్ ఫ్రేమే అయినా నికాన్ డి850 లాంటి 45 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే 1,900 దాటుతుంది. తేడా దాదాపు పోయినట్టే. కనుక పక్షుల కోసం చిన్న సెన్సర్ కొనేవాళ్లు క్రాప్ ఫ్యాక్టర్ చూసి కాదు, పిక్సెళ్ల సాంద్రత చూసి కొనాలి. ఆరు మెగాపిక్సెళ్ల పాత ఏపీఎస్-సీ కెమెరాకు కూడా క్రాప్ ఫ్యాక్టర్ 1.5 ఉంటుంది. దాంతో పక్షి మీద పడే పిక్సెళ్లు 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో వచ్చేవాటిలో సగమే. చేతి వణుకు మాత్రం నిజంగానే పెరుగుతుంది. ముక్కను పెద్దది చేసినప్పుడు వణుకూ దాంతోపాటే పెద్దదవుతుంది. 300 ఎంఎంకు సెకనులో 300వ వంతు షట్టర్ వేగం చాలన్న పాత సూత్రం ఇక్కడ 450వ వంతుకు మారుతుంది.

ముఖచిత్రాల సంగతి వేరు. మొహం సహజంగా కనిపించడం లెన్స్ అంకె వల్ల కాదు, నిలబడ్డ దూరం వల్ల. బాగా దగ్గర నుంచి తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కిపోతాయి. రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. ఆ దూరం నుంచి ఛాతీ దాకా ఫ్రేమ్ నింపడానికి ఫుల్ ఫ్రేమ్‌లో 85 ఎంఎం వాడేవారు. ఏపీఎస్-సీ మీద 56 చాలు. ఫ్యుజీ 2014లో సరిగ్గా అదే అంకెతో ముఖచిత్రాల లెన్స్ తెచ్చింది. బ్రెసాఁ కోసం కొని నిరాశపడ్డ ఆ 50 ఎంఎం కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. చెల్లెలి పుట్టినరోజు ఫొటోలకు దాన్ని మించిన చవకైన లెన్స్ లేదు. ఒక్క లోటు వెనకాల మసకబారే తీరులో కనిపిస్తుంది. ఏపీఎస్-సీ మీద ఎఫ్ 1.8 ఇచ్చే మసక, అదే ఫ్రేమింగ్‌లో ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్ 2.7 ఇచ్చే మసకతో సమానం. పెళ్లికూతురి వెనక సీరియల్ బల్బులు పెద్ద పెద్ద వెలుగు బొట్లుగా కరిగిపోవాలని కోరుకునే కుటుంబాలు ఈ తేడాకు డబ్బు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. రాత్రి పెళ్లిళ్లలో తక్కువ వెలుతురు మరో కారణం. అదే అపర్చర్ దగ్గర పెద్ద సెన్సర్ మీద పడే మొత్తం కాంతి రెండింతలకు పైనే.

సినిమా వాళ్ల కొలబద్ద మొదటి నుంచీ వేరు. వాళ్ల ఫ్రేమ్ ఫిల్ము మీద నిలువుగా నడుస్తుంది కాబట్టి వాళ్ల ‘50’ స్టిల్ ఫొటోగ్రాఫర్ ‘50’ కాదు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగాన్ని ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్ తీసిన ఆరీ అలెక్సా ఎక్స్‌టీ కెమెరా సెన్సర్ వెడల్పు సుమారు 28 మిల్లీమీటర్లు. అటు ఏపీఎస్-సీ కాదు, ఇటు ఫుల్ ఫ్రేమూ కాదు. ఫలానా సినిమాలో ఫలానా షాట్‌కు 32 ఎంఎం వాడారట అని విని అదే అంకె కొనే కుర్ర దర్శకులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఫోన్ల కంపెనీలు ఈ గొడవంతా కొనేవాళ్ల కంట పడకుండా మాయం చేశాయి. ఐఫోన్ 15 ప్రో ప్రధాన కెమెరా 24 ఎంఎం అని చెబుతారు. లోపల ఉన్న లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ ఏడు మిల్లీమీటర్ల లోపే. సెన్సర్ చిన్నది కాబట్టి ఆ ఏడే 24 చూపు ఇస్తుంది. నిజంగా 24 ఎంఎం లెన్స్ పెడితే ఆ ఫోను చొక్కా జేబులో పట్టదు. ఇక ‘ఒక అంగుళం సెన్సర్’ అని గొప్పగా ప్రకటించే ఫోన్లలో ఆ సెన్సర్‌ను ఏ వైపు కొలిచినా అంగుళం రాదు. అడ్డం సుమారు 13 మిల్లీమీటర్లు. కర్ణం కూడా 16 దగ్గరే. పాత టీవీ కెమెరాల గాజు గొట్టాలకు బయటి వ్యాసాన్ని బట్టి పేరు పెట్టేవారు. గొట్టాలు పోయాయి, అంగుళం మిగిలింది.

ఇప్పటి చిక్కు దగ్గరకు వస్తే, 2013లో సోనీ, 2018లో నికాన్, కెనాన్ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చాక పాత డీఎస్ఎల్ఆర్‌లు, వాటి లెన్సులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. కోఠీ దుకాణాల్లోనూ, ఫోన్లోని అమ్మకాల యాప్‌లలోనూ బేరాలు జోరుగా సాగుతున్నాయి. కొనేవాళ్లు చూడాల్సింది లెన్స్ గొట్టం మీది చిన్న అక్షరాలు. నికాన్‌లో డీఎక్స్, కెనాన్‌లో ఈఎఫ్-ఎస్, ఆర్ఎఫ్-ఎస్, సిగ్మాలో డీసీ, టామ్రాన్‌లో డీఐ-2 అని ఉంటే అది చిన్న సెన్సర్‌కు చేసింది. సోనీలో ఎఫ్ఈ అని ఉంటే ఫుల్ ఫ్రేమ్‌ది, ఉత్త ఈ అని ఉంటే చిన్నది. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు అసలు బిగుసుకోదు. తెల్ల చదరపు గుర్తు ఉన్న లెన్స్, ఎర్ర చుక్క మాత్రమే ఉన్న కెమెరా కలవవు. అది ఒక రకంగా మేలు. నికాన్ లెన్స్ బిగుసుకుంటుంది, కెమెరా కూడా ఏమీ అనకుండా సెన్సర్ నడిమి ముక్కతోనే పని కానిస్తుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరా అప్పుడు పది మెగాపిక్సెళ్లే ఇస్తుంది. ఆ ఫొటోను పెళ్లి ఆల్బమ్‌లో 36 అంగుళాల పొడవున్న జంట పేజీ నిండా పరిస్తే అంగుళానికి వంద పిక్సెళ్ల పైచిలుకే మిగులుతాయి. పట్టుచీర జరీ పొడి రాలినట్టు కనిపిస్తుంది. ఆ కుటుంబం రెండో ఫంక్షన్‌కు ఇంకో స్టూడియోను వెతుక్కుంటుంది. అప్పు మాత్రం పాత స్టూడియో మీదే ఉంటుంది.

ఫుల్ ఫ్రేమ్‌కు మారడమంటే కెమెరా ధర ఒక్కటే కాదు, లెన్సుల సంచీ మొత్తం మారుతుంది. రాత్రి పెళ్లిళ్లు ఎక్కువగా ఒప్పుకునేవాళ్లకు అది గిట్టుబాటు కావచ్చు. పగటిపూట గృహప్రవేశాలు, బారసాలలు తీసేవాళ్లకు, నేలపట్టు గట్టు మీద తెల్లవారకముందే చేరుకునేవాళ్లకు ఏపీఎస్-సీ మీద మంచి లెన్స్ ఒకటి అదనంగా కొనడమే తెలివైన ఖర్చు. కెమెరాలు నాలుగేళ్లకు పాతబడతాయి. లెన్సులు ఇరవయ్యేళ్లు పని చేస్తాయి. దుకాణాల్లో మాత్రం ముందు కెమెరానే చూపిస్తారు.

ఏ లెన్స్ కావాలో తేల్చుకోవడానికి దుకాణం దాకా వెళ్లక్కర్లేదు. డిజిటల్ ఫొటో ప్రతిదానిలోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీసిందో కెమెరా రాసి పెడుతుంది. కంప్యూటర్లో ఫొటో వివరాలు తెరిస్తే కనిపిస్తుంది. నిరుడు 18-55తో తీసిన వెయ్యి ఫొటోలను ఒక సాయంత్రం కూర్చుని చూస్తే చాలు. ఎక్కువ ఫొటోలు 18 దగ్గర గుంపు కడితే మండపాల్లో చోటు చాలడం లేదని, 10 లేదా 12 దగ్గర మొదలయ్యే లెన్స్ కావాలని అర్థం. 55 దగ్గర గుంపు కడితే ఆ ఫొటోగ్రాఫర్ మనసు మొహాల మీద ఉంది. ఫుల్ ఫ్రేమ్ అప్పు పక్కన పెట్టి 56 కొనుక్కోవచ్చు. 35 చుట్టూ గుంపు కడితే వెతుకుతున్న బ్రెసాఁ చూపు కెమెరాతో వచ్చిన లెన్స్‌లోనే నిరుడంతా ఉన్నట్టు.